గుణకార ఆదేశం: అసెంబ్లీ పరికరాల్లో రూపభేదాలు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

అసెంబ్లీ భాష యంత్రానికి అత్యంత సమీపంలో ఉండే భాష. అందువల్ల అందులో రాసే ప్రతి పంక్తీ యంత్రం విధించిన నియమమే అన్న భావన విద్యార్థుల్లో సహజంగా ఏర్పడుతుంది. గుణకార ఆదేశాన్ని ఉదాహరణగా తీసుకుని, ఆ పంక్తిలో యంత్రానికి చెందినది ఎంత, అసెంబ్లర్ అనే పరికరానికి చెందినది ఎంత అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది. జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిధిలోని మైక్రోప్రాసెసర్ ప్రయోగశాలల బోధన దీనికి నేపథ్యం. మాస్మ్, టాస్మ్, డీబగ్, నాస్మ్, గ్నూ అసెంబ్లర్‌ల మధ్య భేదాలు మూడు రకాలనీ, వాటిని వేరుచేసి చెప్పకపోతే బోధనలోను మూల్యాంకనంలోను అన్యాయం జరుగుతుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అసెంబ్లీ భాష, గుణకారం, 8086, మాస్మ్, నాస్మ్, గ్నూ అసెంబ్లర్, సాంకేతిక విద్య, అనంతపురం.

1. ఉపోద్ఘాతం

ఆమడగూరు, కదిరి, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలు 2022 ఏప్రిల్ వరకు అనంతపురం జిల్లాలో భాగాలు. నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. ఈ ప్రాంతాల విద్యార్థులకు ఇంజనీరింగ్ విద్య అంటే మొదట గుర్తుకు వచ్చే ఊరు అనంతపురం. అక్కడి ఇంజనీరింగ్ కళాశాల 1946లో ఏర్పడిన సంస్థకు వారసురాలు. 1972లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు కాకినాడ, హైదరాబాదు కళాశాలలతో పాటు అది కూడా అందులో చేరింది. 2008లో ఆ విశ్వవిద్యాలయం విభజితమై అనంతపురం స్వతంత్ర విశ్వవిద్యాలయ కేంద్రమైంది.

ఈ విశ్వవిద్యాలయ సంప్రదాయంలో మైక్రోప్రాసెసర్ ప్రయోగశాల పాఠ్యప్రణాళిక చాలాకాలం ఒకే తీరున నడిచింది. మొదటి అంశం మాస్మ్ లేదా టాస్మ్ పరిచయం. ఆ వెంటనే బహుబైట్ల కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం. గుర్తు గల, గుర్తు లేని సంఖ్యలతో లెక్కలు. అంటే యంత్రభాషతో విద్యార్థికి కలిగే తొలి పరిచయాల్లో గుణకారం ఒకటి. పాఠ్యప్రణాళిక రెండు అసెంబ్లర్ల పేర్లను ‘లేదా’ అనే ఒక్క మాటతో కలిపింది. ఆ ‘లేదా’ వెనుక ఉన్న చరిత్ర మాత్రం తరగతి గదిలో చర్చకు వచ్చేది తక్కువ.

నియమం ఒకటి, దాన్ని చెప్పే తీరు మరొకటి అన్న వివేకం తెలుగు గణిత సాహిత్యానికి కొత్త కాదు. మహావీరాచార్యుడు 9వ శతాబ్దంలో సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన సారసంగ్రహ గణితంగా తెలుగు చేసినప్పుడు జైన సందర్భాల స్థానంలో శైవ సందర్భాలను నిలిపాడు. చెప్పే తీరు మారింది, లెక్క మారలేదు. అసెంబ్లీ పంక్తిని చదివేటప్పుడు కూడా ఇదే విచక్షణ అవసరం.

2. ఆదేశం లేని గుణకారం

హైదరాబాదులో 1967లో ఏర్పడిన భారత ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, టీడీసీ శ్రేణి కంప్యూటర్ల తయారీతో తెలుగు నేలను దేశీయ కంప్యూటర్ నిర్మాణంలో భాగస్వామిని చేసింది. అయితే కళాశాల ప్రయోగశాలల్లోకి యంత్రస్థాయి ప్రోగ్రామింగ్‌ను విస్తృతంగా తెచ్చినవి చవకైన మైక్రోప్రాసెసర్లు. వాటిలో ఇంటెల్ 8085 (1976) ముఖ్యమైనది.

8085లో గుణకార ఆదేశం లేదు. దాని పూర్వరూపమైన 8080లోనూ లేదు. రెండు సంఖ్యలను గుణించాలంటే విద్యార్థి పదే పదే కూడాలి; లేదా అంకెలను ఎడమకు జరుపుతూ అవసరమైన చోట కూడాలి. అందువల్ల 8085 తరగతిలో గుణకారం ఒక పద్ధతి. గుణ్యం ఎక్కడుంది, గుణకం ఎన్నిసార్లు తగ్గింది, లబ్ధం ఎక్కడ పోగవుతోంది అన్నవి మూడూ విద్యార్థి కళ్ళ ముందే ఉంటాయి.

పరికరాల మధ్య రూపభేదం అనే సమస్య ఆ తరంలోనే మొదలైంది. 1976లో వచ్చిన జైలాగ్ జెడ్80 ప్రాసెసర్ 8080 యంత్రసంకేతాలను యథాతథంగా అమలు చేయగలదు. కానీ ఇంటెల్ ‘మూవ్ ఏ, ఎం’ అని రాసిన ఆదేశాన్ని జైలాగ్ ‘ఎల్‌డీ ఏ, (హెచ్ఎల్)’ అని రాసింది. బైటు ఒకటే, పేర్లు రెండు. ఆదేశం పేరు యంత్రంలో ఉండదు, పరికరంలో ఉంటుంది అనడానికి ఇంతకన్నా సూటియైన సాక్ష్యం అవసరం లేదు.

3. 8086: దాగి ఉన్న ఆపరాండ్

1978లో వచ్చిన 8086 ప్రాసెసర్ గుణకారాన్ని ఆదేశంగా మార్చింది. గుర్తు లేని సంఖ్యలకు ‘మల్’, ధన రుణ గుర్తులు గల సంఖ్యలకు ‘ఐమల్’. రెండింటికీ రాతలో ఒకే ఆపరాండ్ ఉంటుంది. ‘మల్ బీఎక్స్’ అని రాస్తే ఏఎక్స్‌లోని విలువను బీఎక్స్‌తో గుణించి, లబ్ధంలోని పైసగాన్ని డీఎక్స్‌లో, కిందిసగాన్ని ఏఎక్స్‌లో ఉంచుతుంది. ఆపరాండ్ బైటు పరిమాణంలో ఉంటే గుణ్యం ఏఎల్‌లో ఉంటుంది. లబ్ధం మొత్తం ఏఎక్స్‌లో చేరుతుంది.

ఉదాహరణకు ఏఎక్స్‌లోను, బీఎక్స్‌లోను 300 ఉన్నాయనుకుంటే లబ్ధం 90,000. 16 బిట్లలో ఇమిడే గరిష్ఠ సంఖ్య 65,535 కాబట్టి డీఎక్స్‌లో 1, ఏఎక్స్‌లో 24,464 మిగులుతాయి. ‘ఏడెనిమిదులు యాభైయారు’ అని ఎక్కం చెప్పేటప్పుడు లబ్ధాన్ని ఎక్కడ ఉంచాలన్న ప్రశ్న రాదు. యంత్రానికి ఆ ప్రశ్న తప్పదు. 8086 దానికి సమాధానాన్ని రాతలో కనపడనీయకుండా ముందే నిర్ణయించింది. డీఎక్స్‌లో అంతకుముందు దాచుకున్న విలువ చెరిగిపోవడం ఈ ప్రయోగంలో తరచుగా కనిపించే దోషం. దానికి మూలం రాతలో కనపడని ఈ గమ్యస్థానమే.

ఇంతవరకు చెప్పినది యంత్రనియమం. ఏ అసెంబ్లర్‌లో రాసినా ఇది మారదు. మారేది ఆపరాండ్ మెమరీలో ఉన్నప్పుడు దాన్ని సూచించే తీరు.

4. మాస్మ్, టాస్మ్, డీబగ్

మైక్రోసాఫ్ట్ సంస్థ అసెంబ్లర్ మాస్మ్ 1981లో వెలువడింది. చలరాశిని ప్రకటించినప్పుడు ఇచ్చిన పరిమాణాన్ని గుర్తుపెట్టుకోవడం దాని ముఖ్య లక్షణం. ‘నమ్ డీడబ్ల్యూ 300’ అని ప్రకటించి ‘మల్ నమ్’ అని రాస్తే అది 16 బిట్ల గుణకారం అవుతుంది. అదే చలరాశిని ‘డీబీ’ అని ప్రకటిస్తే (అప్పుడు విలువ 255కు మించరాదు), ‘మల్ నమ్’ అన్న పంక్తిలో ఒక్క అక్షరమూ మారకుండానే 8 బిట్ల గుణకారం అవుతుంది. మొదటిదాని ఆప్‌కోడ్ ఎఫ్7, రెండవదానిది ఎఫ్6. లబ్ధం చేరే చోటు కూడా మారిపోతుంది. అంటే మాస్మ్‌లో ఒక పంక్తి అర్థం ఆ పంక్తిలో మాత్రమే ఉండదు. ప్రోగ్రాం మొదట్లో ఉన్న ప్రకటనలోనూ ఉంటుంది.

చిరునామా రిజిస్టర్‌లో ఉన్నప్పుడు పరిమాణం తెలిసే మార్గం మాస్మ్‌కు ఉండదు. అప్పుడు ‘మల్ వర్డ్ పీటీఆర్ [బీఎక్స్]’ అని స్పష్టంగా చెప్పాలి. 1988లో బోర్లాండ్ సంస్థ తెచ్చిన టాస్మ్, మాస్మ్ రాతను యథాతథంగా స్వీకరించడంతో పాటు ‘ఐడియల్’ అనే తన సొంత పద్ధతిని కూడా ప్రవేశపెట్టింది. ఆ పద్ధతిలో మెమరీ విలువను కోరినప్పుడు చదరపు బ్రాకెట్లు తప్పనిసరి. పాఠ్యప్రణాళికలోని ‘మాస్మ్ లేదా టాస్మ్’ అన్న మాట టాస్మ్ మొదటి పద్ధతి విషయంలో చాలావరకు సరైనదే. రెండవ పద్ధతి విషయంలో సరిపోదు.

డాస్‌తో పాటు వచ్చిన డీబగ్ మూడవ పరికరం. ప్రోగ్రాంను అంచెలంచెలుగా నడిపి రిజిస్టర్లను చూడటానికి దీన్ని వాడతారు. ఇందులో నేరుగా ఆదేశాలు కూడా రాయవచ్చు. అయితే డీబగ్ ప్రతి సంఖ్యను షోడశాంశ పద్ధతిలోనే చదువుతుంది. మాస్మ్‌లో బీఎక్స్‌కు 10 ఇచ్చి గుణిస్తే పదితో గుణకారం. డీబగ్‌లో అదే పంక్తులు రాస్తే పదహారుతో గుణకారం. దోషసూచన ఏదీ రాదు, లబ్ధం మాత్రం వేరు. ప్రయోగ రికార్డులో ఒక జవాబు, తెరపై మరో జవాబు కనిపించినప్పుడు విద్యార్థి అనుమానించేది తన గణితాన్ని. నిజానికి చూడవలసింది పరికరపు సంఖ్యాపద్ధతిని.

5. నాస్మ్, గ్నూ అసెంబ్లర్: రెండు వంశాలు

1996లో సైమన్ టేథమ్, జూలియన్ హాల్ రూపొందించిన నాస్మ్ పైన చెప్పిన మాస్మ్ లక్షణాన్ని ఉద్దేశపూర్వకంగా తిరస్కరించింది. ఒక పంక్తిని మాత్రమే చూసి అది ఏ ఆప్‌కోడ్‌గా మారుతుందో సాధ్యమైనంతవరకు చెప్పగలగాలన్నది దాని రూపకల్పన సూత్రాల్లో ఒకటి. కనుక నాస్మ్ చలరాశుల పరిమాణాన్ని గుర్తుపెట్టుకోదు. బ్రాకెట్లు లేని ‘నమ్’ అంటే చిరునామా, బ్రాకెట్లలో ఉన్న ‘నమ్’ అంటే ఆ చిరునామాలోని విలువ. మాస్మ్‌లోని ‘మల్ నమ్’ ఇక్కడ ‘మల్ వర్డ్ [నమ్]’ అవుతుంది. ‘పీటీఆర్’ అన్న మాట ఉండదు. మాస్మ్‌కు అలవాటుపడిన విద్యార్థి ‘మల్ నమ్’ అని రాస్తే నాస్మ్ దాన్ని నిరాకరిస్తుంది, ఎందుకంటే చిరునామా అనే స్థిరసంఖ్యతో నేరుగా గుణించే రూపం ‘మల్’ ఆదేశానికి లేదు.

గ్నూ అసెంబ్లర్ మరో వంశానికి చెందినది. అది అనుసరించే ఏటీఅండ్‌టీ రాత మూలాలు పీడీపీ-11 యంత్రంపై నడిచిన యునిక్స్‌లో ఉన్నాయి. డిజిటల్ సంస్థ స్థిరసంఖ్యలకు వాడిన ‘#’ గుర్తు స్థానంలో యునిక్స్ అసెంబ్లర్ ‘$’ను వాడింది. యునిక్స్ టైపింగ్ సంప్రదాయాల్లో ‘#’, ‘@’ గుర్తులు అసౌకర్యంగా ఉండటమే దీనికి కారణమని డెన్నిస్ రిచీ రాసిన యునిక్స్ అసెంబ్లర్ కరదీపిక తెలుపుతుంది. ఒకనాటి టెర్మినల్‌పై తలెత్తిన చిన్న ఇబ్బంది ఈ విధంగా దశాబ్దాల తరువాత, వేరే యంత్రంపై రాసే ప్రతి స్థిరసంఖ్య ముందు గుర్తుగా మిగిలింది.

ఈ వంశంలో రిజిస్టర్ పేరు ముందు ‘%’ ఉంటుంది. పరిమాణం ఆదేశం చివర ఒక అక్షరంగా చేరుతుంది. మెమరీ చిరునామా గుండ్రని కుండలీకరణాల్లో ఉంటుంది. మాస్మ్‌లోని ‘మల్ వర్డ్ పీటీఆర్ [బీఎక్స్]’, నాస్మ్‌లోని ‘మల్ వర్డ్ [బీఎక్స్]’, గ్నూలోని ‘మల్‌డబ్ల్యూ (%బీఎక్స్)’ మూడూ 16 బిట్ల విధానంలో ఎఫ్7, 27 అనే రెండు బైట్లుగానే మారతాయి. ప్రాసెసర్ దృష్టిలో ఈ మూడు రాతల మధ్య భేదమే లేదు.

6. ఆపరాండ్ల క్రమం, తెలుగు వాక్యక్రమం

80186 (1982) ‘ఐమల్’కు స్థిరసంఖ్యతో గుణించే మూడు ఆపరాండ్ల రూపాన్ని ఇచ్చింది. 80386 (1985) ఏ రెండు సాధారణ రిజిస్టర్లనైనా గుణించగల రెండు ఆపరాండ్ల రూపాన్ని చేర్చింది. దీనితో గమ్యస్థానాన్ని రాతలో చెప్పే అవకాశం వచ్చింది. దాన్ని ముందు చెప్పాలా, చివర చెప్పాలా అన్న భేదమూ గుణకారంలోకి వచ్చింది.

ఈబీఎక్స్‌ను పదితో గుణించి ఈసీఎక్స్‌లో ఉంచడానికి ఇంటెల్ సంప్రదాయం ‘ఐమల్ ఈసీఎక్స్, ఈబీఎక్స్, 10’ అంటుంది. ఏటీఅండ్‌టీ సంప్రదాయం ‘ఐమల్ఎల్ $10, %ఈబీఎక్స్, %ఈసీఎక్స్’ అంటుంది. రెండూ 32 బిట్ల విధానంలో 6బి, సిబి, 0ఏ అనే మూడు బైట్లే. మొదటిది బీజగణిత సమీకరణం లాంటిది: ఎడమవైపు ఫలితం, కుడివైపు లెక్క. రెండవది ‘పదితో ఈబీఎక్స్‌ను గుణించి ఈసీఎక్స్‌లో ఉంచు’ అనే తెలుగు వాక్యానికి దాదాపు యథాతథంగా సరిపోతుంది. పాఠ్యగ్రంథాలన్నీ ఇంటెల్ క్రమంలో ఉండటం వల్ల ఏటీఅండ్‌టీ రాత తలకిందులుగా ఉన్నట్టు విద్యార్థులకు తోస్తుంది. తెలుగులో వివరించే అధ్యాపకునికి మాత్రం ఆ క్రమమే సుగమం. ఏ క్రమమూ సహజం కాదు. ప్రతి క్రమం వెనుకా ఒక భాషా సంప్రదాయమో, గణిత సంప్రదాయమో ఉంది.

ఇక్కడే ఒక ప్రమాదం పొంచి ఉంది. ‘ఐమల్ బీఎక్స్’, ‘ఐమల్ ఏఎక్స్, బీఎక్స్’ అనే పంక్తులు ఒకే ఆదేశానికి సంక్షిప్త, విస్తృత రూపాలుగా కనిపిస్తాయి. అవి వేర్వేరు ఆదేశాలు. మొదటిది ఎఫ్7, ఈబి. లబ్ధం మొత్తాన్నీ డీఎక్స్, ఏఎక్స్‌లలో ఉంచుతుంది. రెండవది 0ఎఫ్, ఏఎఫ్, సి3. కిందిసగాన్ని మాత్రమే ఏఎక్స్‌లో ఉంచి పైసగాన్ని వదిలేస్తుంది, డీఎక్స్‌ను ముట్టుకోదు. పైసగం పోవడం వల్ల విలువ దెబ్బతింటే క్యారీ, ఓవర్‌ఫ్లో జెండాలు ఆ సంగతి తెలుపుతాయి. రెండు ఆపరాండ్లు రాసినప్పుడు పూర్తి లబ్ధాన్నిచ్చే రూపాన్ని ఎంచుకోబోమని గ్నూ అసెంబ్లర్ కరదీపిక ప్రత్యేకంగా హెచ్చరిస్తుంది. అలా ఎంచుకుంటే ఈడీఎక్స్ చెరిగి కంపైలర్ రాసిన ప్రోగ్రాం గందరగోళమవుతుంది. ‘ఐమల్ $69, %ఈఏఎక్స్’ అన్నది మాత్రం నిజంగానే సంక్షిప్త రూపం. యంత్రానికి చేరేది మూడు ఆపరాండ్ల ఆదేశమే.

‘మల్’కు రెండు ఆపరాండ్ల రూపం లేకపోవడం లోపంగా తోచవచ్చు. ఏఎల్‌లో 200 ఉంచి 3తో గుణిస్తే ‘మల్’ ఫలితం 600, షోడశాంశంలో 0258. అదే బిట్ల అమరికను ‘ఐమల్’ రుణ 56గా చదువుతుంది. ఫలితం రుణ 168, అంటే ఎఫ్ఎఫ్58. పైసగాలు వేరైనా కిందిసగం రెండింటిలోనూ 58. కిందిసగం మాత్రమే కావలసినప్పుడు గుర్తుతో నిమిత్తం లేదు కనుక ‘ఐమల్’ ఒక్కటే చాలు.

మరొక చిక్కు పరికరపు కాలభావనకు సంబంధించినది. మాస్మ్, టాస్మ్ వేరే విధంగా చెప్పనంతవరకు తాము 8086 కోసమే పనిచేస్తున్నామని భావిస్తాయి. 80386 నాటి రూపాన్ని వాడాలంటే ఆ ప్రాసెసర్‌ను పేర్కొనే నిర్దేశం ముందుగా ఇవ్వాలి. నాస్మ్‌కు ఆ అవసరం లేదు. కొత్త యంత్రంపై కూర్చుని సరైన ఆదేశం రాసిన విద్యార్థికి మాస్మ్ దోషం చూపితే, ఆ దోషం యంత్రానిది కాదు, విద్యార్థి అవగాహనదీ కాదు. 1978ని హద్దుగా పెట్టుకున్న పరికరానిది.

7. భేదానికి తావు లేని చోటు

అదే ప్రయోగశాలలో బోధించే 8051 మైక్రోకంట్రోలర్ (1980) దీనికి భిన్నమైన ఉదాహరణ. అందులో గుణకారానికి ఒకే రూపం: ‘మల్ ఏబీ’. ఏ, బీ రిజిస్టర్లలోని 8 బిట్ల సంఖ్యలను గుణించి కిందిసగాన్ని ఏలో, పైసగాన్ని బీలో ఉంచుతుంది. లబ్ధం 255ను మించితే ఓవర్‌ఫ్లో జెండా లేస్తుంది. ఏ, బీల మధ్య కామా కూడా లేదు, ఎందుకంటే అక్కడ ఎంచుకోవలసిన ఆపరాండ్ ఏదీ లేదు. పరిమాణం ఒకటే, స్థానాలు స్థిరం. అందువల్ల అసెంబ్లర్ మారినా ఈ పంక్తి మారదు. ఎంపిక ఉన్న చోటే రూపభేదం పుడుతుంది అన్న సూత్రం ఈ పోలికతో స్థిరపడుతుంది.

ఆర్మ్ ప్రాసెసర్లలో మరో స్థాయి భేదం కనిపిస్తుంది. తొలి ఆర్మ్‌లో లేని ‘మల్’ రెండవ ఆర్మ్‌లో చేరింది. గమ్యస్థానం ముందు, గుణ్య గుణకాలు తరువాత అన్న క్రమాన్ని ఆర్మ్ సంస్థ అసెంబ్లర్, గ్నూ అసెంబ్లర్ రెండూ పాటిస్తాయి. కానీ మొదటిదానిలో వ్యాఖ్య సెమీకోలన్‌తో మొదలైతే, రెండవదానిలో ‘@’తో మొదలవుతుంది, అక్కడ సెమీకోలన్ అంటే మరో ఆదేశానికి నాంది. ఆదేశం తప్పు కాకపోయినా పక్కన రాసిన వివరణ వల్ల ప్రోగ్రాం నిరాకరణకు గురికావచ్చు.

8. బోధనలో పర్యవసానం

పై పరిశీలన నుంచి భేదాలు మూడు తరగతులుగా తేలుతాయి. ఒకటి, రాత వేరు – బైట్లు ఒకటే. మెమరీ ఆపరాండ్‌ను మూడు పరికరాలు రాసే తీరు, ఆపరాండ్ల క్రమం ఈ తరగతివి. రెండు, రాత ఒకటే – బైట్లు వేరు. మాస్మ్‌లో ప్రకటనను బట్టి మారే ‘మల్ నమ్’, డీబగ్‌లో పదహారుగా మారే 10 ఈ తరగతివి. మూడు, రాత దగ్గరిది – ఆదేశమే వేరు. ఒక ఆపరాండ్, రెండు ఆపరాండ్ల ‘ఐమల్’ ఈ తరగతివి. మొదటి తరగతిలోని భేదానికి మార్కులు తగ్గించడం అన్యాయం. మూడవ తరగతిలోని భేదాన్ని ‘రాతలో తేడా’ అని వదిలేయడం అంతకన్నా పెద్ద పొరపాటు.

ఈ విచక్షణ ఇప్పుడు మరింత అవసరమైంది. 64 బిట్ల విండోస్‌పై 16 బిట్ల డాస్ ప్రోగ్రాంలు నేరుగా నడవవు. డీబగ్ కూడా అందుబాటులో లేదు. అందువల్ల పాత ప్రయోగాలను డాస్ అనుకరణ సాధనాల్లో నడపడమో, లినక్స్‌పై నాస్మ్, గ్నూ అసెంబ్లర్‌లకు మారడమో అనివార్యమవుతోంది. పాత రికార్డు పుస్తకంలోని పంక్తులను కొత్త పరికరంలో యథాతథంగా ఎక్కించిన విద్యార్థికి దోషాల వరుస ఎదురవుతుంది. అవి యంత్రభాష కఠినతకు గుర్తులని అతడు భావిస్తే ఆ విషయానికే దూరమవుతాడు.

దీనికి పరిష్కారం ఖర్చుతో కూడినది కాదు. ప్రతి అసెంబ్లర్ తాను తయారుచేసిన బైట్లను పంక్తి పక్కనే చూపే జాబితాను ఇవ్వగలదు. ఒకే గుణకారాన్ని రెండు పరికరాల్లో రాయించి, ఆ జాబితాలను పక్కపక్కన ఉంచి పోల్చమనడం ఒక ప్రయోగంగా చేర్చవచ్చు. మూల్యాంకనంలో కూడా విద్యార్థి తాను ఏ అసెంబ్లర్‌ను, ఏ ప్రాసెసర్‌ను ఉద్దేశించాడో జవాబు మొదట్లో పేర్కొనమని కోరడం న్యాయసమ్మతం.

9. ముగింపు

గుణకార ఆదేశంలోని రూపభేదాలు యాదృచ్ఛికాలు కావు. పరిమాణాన్ని గుర్తుపెట్టుకోవాలన్న మాస్మ్ నిర్ణయం, పంక్తి స్వయంసంపూర్ణం కావాలన్న నాస్మ్ పట్టుదల, యునిక్స్ టెర్మినల్ నుంచి సంక్రమించిన గ్నూ గుర్తులు – వేటి చరిత్ర వాటిది. యంత్రం చూసేది బైట్లను మాత్రమే. పరికరం చూసేది రాతను. విద్యార్థికి ఈ రెండింటి మధ్య ఉన్న సరిహద్దును చూపగలిగితే అతడు ఏ కొత్త పరికరానికైనా కొద్దిరోజుల్లో అలవాటుపడతాడు. చూపలేకపోతే ఒక పరికరపు అలవాట్లనే యంత్రధర్మంగా నమ్మి, పరికరం మారిన రోజున మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవలసి వస్తుంది.